హాలోవీన్‌లో పాతదెంత, కొత్తదెంత?

ఏటా అక్టోబరు చివరి వారం వచ్చేసరికి వాట్సాప్‌లో మూడు రకాల సందేశాలు తిరుగుతుంటాయి. హాలోవీన్ ఐర్లండ్, బ్రిటన్ వైపు పాత జాతులైన కెల్టుల రెండువేల ఏళ్ల నాటి పండుగ, మన పెద్దల అమావాస్య లాంటిదే అనేది ఒకటి. అది సైతాను పుట్టినరోజు, పిల్లల్ని పంపకండి అనేది రెండోది. అంతా చాక్లెట్ కంపెనీల వ్యాపారం అనేది మూడోది. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో, కొన్ని స్కూళ్లలో దెయ్యం వేషాల పార్టీలు మొదలయ్యాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవలు వేసిన అస్థిపంజరం వేషం ఫొటోలు ఇక్కడి అమ్మమ్మల ఫోన్లకు చేరుతున్నాయి. దాంతో ఇది ఎవరిదో ఊసు కాకుండా పోయి, మనింట్లో వాదన అయి కూర్చుంది.

చిక్కంతా ఎక్కడుందంటే, హాలోవీన్ ఒకేచోట ఒకేసారి పుట్టిన పండుగ కాదు. తేదీ చర్చిది. భయపెట్టే కథలు, జోస్యాలు ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెలవి. గుమ్మడికాయ అమెరికాది. ఇంటింటికీ వెళ్లి చాక్లెట్లు అడగడానికి, ఇప్పుడున్న రూపంలో, వందేళ్ల వయసు కూడా సరిగ్గా లేదు. ఒక్కొక్కరు ఒక్కో పొరను పట్టుకుని అదే మొత్తం పండుగ అంటున్నారు. ఏ పొర ఎప్పటిదో విడదీసి చూస్తే సగం వాదన దానంతటదే సర్దుకుంటుంది.

## మూడు రోజుల లెక్క

అక్టోబరు 31 సాయంత్రం హాలోవీన్. నవంబరు 1 సకల పునీతుల పండుగ, అంటే చర్చి పవిత్రులుగా కొలిచేవాళ్లందరి రోజు. నవంబరు 2 చనిపోయినవాళ్ల ఆత్మల కోసం ప్రార్థించే రోజు. చర్చి లెక్కలో పెద్ద పండుగ ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. పునీతుల పండుగకు అలా ముందొచ్చే సాయంత్రమే హాలోవీన్.

ఈ తేదీలు ఒక్కసారిగా కుదరలేదు. 609లో మే 13న నాలుగో బోనిఫేస్ పోపు రోమ్‌లోని పాంథియన్ అనే పాత గుడిని మరియమ్మకు, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షులకు అంకితమిచ్చాడు. పునీతులందరికీ కలిపి ఒక రోజు అనే ఆలోచనకు అదొక మొదలు. 8వ శతాబ్దంలో మూడో గ్రెగరీ పోపు అదే ఉద్దేశంతో రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిలో ఒక ప్రార్థనామందిరం కట్టించాడు. 800 నాటికి ఇంగ్లండ్, జర్మనీ ప్రాంతాల్లో కొన్ని చర్చిలు నవంబరు 1న ఈ పండుగ చేస్తున్నాయి. 835లో ఫ్రాంకుల చక్రవర్తి లూయీ తన రాజ్యమంతటా ఆ తేదీనే ఖాయం చేశాడు. నవంబరు 2న ఆత్మల రోజు ఇంకా తర్వాతిది; ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠాధిపతి ఒడిలో 1000 ప్రాంతంలో తన మఠాల్లో మొదలుపెడితే మిగతా యూరప్‌కు పాకింది.

ఈ మూడో రోజు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. నవంబరు 2న మన క్యాథలిక్కులు శ్మశానాలకు వెళ్తారు. సమాధుల చుట్టూ గడ్డి పీకి, కడిగి, సున్నం వేసి, పూలదండలు, కొవ్వొత్తులు పెడతారు. దాన్నే సమాధుల పండుగ అంటాం. కాబట్టి మహాలయ అమావాస్యతోనో తెలంగాణ పెత్రమాసతోనో పోల్చాలనుకుంటే, పోలిక కుదిరేది నవంబరు 2తో. బియ్యం, కూరగాయలు పెద్దల పేరిట ఇచ్చే రోజుకూ, పిల్లలు బ్యాట్‌మన్ వేషమేసుకుని చాక్లెట్లు అడిగే రోజుకూ నేరుగా చుట్టరికం లేదు. మెక్సికోలో పుర్రె బొమ్మలు, బంతిపూలతో చేసే మృతుల దినం కూడా నవంబరు 1, 2 తేదీలదే. దాన్నీ హాలోవీన్‌నూ ఒకే గాటన కట్టడం మరో పొరపాటు.

ఇదే అక్టోబరు 31కి ఇంకో ముఖం కూడా ఉంది. 1517లో జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ చర్చి తీరును ప్రశ్నిస్తూ తన 95 వాదాలను బయటపెట్టింది ఆ తేదీనే. గుంటూరు, రాజమండ్రి వైపు లూథరన్ సంఘాలకు అది సంస్కరణ దినం. పునీతుల పండుగకు జనం చర్చికి వస్తారు కాబట్టి లూథర్ ఆ ముందురోజును ఎంచుకున్నాడని చాలామంది చెబుతారు.

## సావిన్: రాతల్లో ఉన్నదెంత, ఊహ ఎంత

ఇక రెండువేల ఏళ్ల మాట. ఐర్లండ్, స్కాట్లండ్‌లలో చలికాలం మొదలయ్యే రోజును సావిన్ అనేవారు. నవంబరు 1న వచ్చే ఆ రోజు ముందు రాత్రితోనే మొదలయ్యేది. వేసవి మేతకు కొండల మీదికి తోలిన పశువుల్ని కిందికి దింపే వేళ అది. చలికాలమంతా మేపలేని వాటిని కోసేసేవారు, బాకీలు తీర్చేవారు, పెద్దలు కొలువుతీరేవారు. మధ్యయుగపు ఐరిష్ కథల్లో ఈ రాత్రి మామూలు రాత్రి కాదు. మట్టిదిబ్బల కింద ఉండే వేరే లోకపువాళ్లు బయటికొస్తారు, రాజులు వింత చావులు చస్తారు, వీరులు కనిపించకుండా పోతారు. రాస్‌కామన్ కౌంటీలోని రాక్రోహన్ దగ్గర పిల్లుల గుహ అనే ఇరుకైన గుహ ఉంది. ఆ లోకానికి అదే దారి అని ఈ కథలు చెబుతాయి.

ఇంతవరకు రాతపూర్వకంగా ఉన్నదే. అయితే ఆ కథల్ని రాసింది క్రైస్తవ సన్యాసులు. అంతకు ముందరి పూజారులు తమ చేత్తో రాసిపెట్టింది ఏదీ మనకు దొరకలేదు. చిక్కు ఇక్కడ మొదలవుతుంది. సావిన్ కెల్టుల ఉగాది అన్న మాటకు 19వ శతాబ్దం చివర్లో వెల్ష్ పండితుడు జాన్ రీస్ బలం చేకూర్చాడు. అది చనిపోయినవాళ్ల పండుగ అన్న మాటను మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రేజర్ ప్రచారంలోకి తెచ్చాడు. చర్చి ఈ పాత పండుగను మింగేయడానికే నవంబరు 1ని ఎంచుకుందన్న వాదన వీటి వెంట వచ్చింది.

బ్రిటిష్ చరిత్రకారుడు రొనాల్డ్ హట్టన్ దీన్ని గట్టిగా ప్రశ్నించాడు. ఆయన చూపే సాక్ష్యం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. తొలినాటి ఐరిష్ పునీతుల పట్టికల ప్రకారం ఐర్లండ్‌లో సకల పునీతుల పండుగ జరిగింది ఏప్రిల్ 20న. నవంబరు 1 తేదీ వచ్చిందేమో ఇంగ్లండ్, జర్మనీ వైపు నుంచి. సావిన్‌ను అణచడానికే ఆ తేదీ పెట్టి ఉంటే, సావిన్ జరిగే గడ్డ మీదే ముందు పెట్టాలి కదా అన్నది ఆయన ప్రశ్న. మీత్ కౌంటీలోని ట్లాక్ట్గా కొండ మీద దేశమంతటి తరఫున సావిన్ నిప్పు రాజేసేవారన్న వర్ణన కూడా ముఖ్యంగా 17వ శతాబ్దపు రచయిత జెఫ్రీ కీటింగ్ చెప్పిందే.

అవతలి పక్షానికీ బలం లేకపోలేదు. సన్యాసులు రాసినా సరే, అన్ని కథల్లో ఈ ఒక్క రాత్రే తలుపులు తెరుచుకుంటాయంటే ఆ నమ్మకం అంతకుముందే జనంలో పాతుకుని ఉండాలి అంటారు వాళ్లు. ఐర్లండ్ పల్లెల్లో ఆ రాత్రి తలుపు గడియ వేయకుండా, పొయ్యి పక్కన చనిపోయినవాళ్ల కోసం కుర్చీ వేసి పడుకునే అలవాటు 20వ శతాబ్దం దాకా ఉంది. కానీ అది పాత సావిన్‌ది కావచ్చు, నవంబరు 2 నుంచి వచ్చిందీ కావచ్చు. రెండూ వెయ్యేళ్లు పక్కపక్కనే నడిచాక ఏది ఎవరిదో తేల్చడం కష్టం. నా లెక్కలో సావిన్ పాతదన్నది నిజం. ఇవాళ్టి హాలోవీన్ మాత్రం దాని యథాతథ కొనసాగింపు కాదు.

సైతాను పుట్టినరోజన్న మాటకు ఈ చరిత్రలో ఎక్కడా చోటు లేదు. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన చర్చ్ ఆఫ్ సేటన్ అనే సంస్థ హాలోవీన్‌ను తన పండుగల్లో చేర్చుకుంది. అది పండుగ పుట్టాక ఎన్నో వందల ఏళ్లకు జరిగిన సంగతి.

## దెయ్యాల రాత్రిలో పెళ్లి జోస్యాలు

ఇప్పటివాళ్లకు హాలోవీన్ అంటే భయం. 18, 19 శతాబ్దాల స్కాట్లండ్, ఐర్లండ్ పల్లెల్లో ఆ రాత్రి అందరి గుండెల్లో ఉన్న ప్రశ్న వేరు: నాకు పెళ్లెప్పుడు, ఎవరితో? కోత ముగిసింది, పొయ్యి చుట్టూ అందరూ చేరారు, రాత్రి పొడుగు. పెళ్లీడు పిల్లలున్న ఇంట్లో ఇంకేం మాట్లాడుకుంటారు! స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో ఈ రాత్రి మీద పెద్ద పద్యం రాసి, ఒక్కో ఆట ఎలా ఆడాలో కింద వివరణలు కూడా ఇచ్చాడు. మనకు తెలిసిన వివరాలు చాలావరకు అలా మిగిలినవే.

మూడు గిన్నెల ఆట వాటిలో ఒకటి. ఒక గిన్నెలో మంచినీళ్లు, ఇంకోదాంట్లో మురికినీళ్లు పోస్తారు, మూడోది ఖాళీగా ఉంచుతారు. కళ్లకు గంతలు కట్టి మనిషిని పొయ్యి దగ్గరికి తీసుకొస్తారు. అతను ఎడమచెయ్యి ముంచాలి. మంచినీళ్లలో పడితే పెళ్లికాని వ్యక్తితో పెళ్లి, మురికినీళ్లలో పడితే భర్త లేక భార్య పోయినవారితో పెళ్లి, ఖాళీ గిన్నెలో పడితే పెళ్లే లేదు. మూడుసార్లు ఆడాలి, ప్రతిసారీ గిన్నెల స్థానం మార్చాలి. మొదటిసారి మంచినీళ్లలో పడినవాడు మళ్లీ అక్కడే చెయ్యి పెడతాడు కాబట్టి మార్చకపోతే ఆటే లేదు.

కేల్ మొక్కల ఆట ఇంకా సరదా. క్యాబేజీ జాతి ఆకుకూర అది. కళ్లు మూసుకుని తోటలోకి వెళ్లి చేతికి తగిలిన మొదటి మొక్కను వేళ్లతో సహా పీకాలి. కాడ నిటారుగా ఉంటే కాబోయేవాడు చక్కనివాడు, వంకరైతే వంకరవాడు. వేరుకు మట్టి ఎంత అంటితే అంత ఆస్తి. కాడ మధ్యలోని గుజ్జు రుచి చూస్తే తియ్యగానో చేదుగానో ఉండి అతని స్వభావం చెబుతుంది. రెండు హేజెల్ కాయలకు అమ్మాయి పేరు, అబ్బాయి పేరు పెట్టి నిప్పుల పక్కన ఉంచేది మరో ఆట. రెండూ నెమ్మదిగా కలిసి కాలితే కాపురం చల్లగా ఉంటుంది. ఒకటి చిటపటలాడి ఎగిరిపోతే ఆ సంబంధం అంతే. కాయలో తేమ వేడెక్కి ఆవిరై పెంకు పగిలితే అది ఎగురుతుంది కాబట్టి, బాగా ఎండినవాటిని ఎంచుకున్నవాళ్ల కాపురాలు చల్లగా ఉండేవన్నమాట.

ఐర్లండ్‌లో ఇవాళ్టికీ మిగిలింది బార్మ్‌బ్రాక్ అనే ఎండుద్రాక్షల రొట్టె. పాత పద్ధతిలో పిండిలోనే ఉంగరం, నాణెం, గుడ్డముక్క, బఠాణీ గింజ, పుల్లముక్క పెట్టి కాల్చేవారు. ముక్కలో ఉంగరం వచ్చినవాళ్లకు ఏడాదిలో పెళ్లి, నాణెం వస్తే డబ్బు, గుడ్డ వస్తే లేమి, బఠాణీ వస్తే ఆ ఏడు పెళ్లి లేదు, పుల్ల వస్తే కాపురంలో కొట్లాటలు. ఇప్పుడు దుకాణాల్లో అమ్మేవాటిలో ఎక్కువగా ఒక్క ఉంగరమే ఉంటుంది. ఇంట్లో చేసేవాళ్లు ఉంగరాన్ని బేకింగ్ కాగితంలో బయటికి కనిపించేంత పెద్ద పొట్లంగా చుట్టి పెడతారు. చిన్నపిల్లలున్నచోట అది గొంతులో పడే ప్రమాదం ఉంది మరి.

నీళ్లలో తేలే యాపిల్‌ను చేతులు వాడకుండా నోటితో అందుకునే ఆట కూడా ఈ కోవలోదే. యాపిల్ ఘనపరిమాణంలో దాదాపు పావువంతు గాలే కాబట్టి అది మునగదు. పళ్లతో నొక్కితే జారిపోతుంది. అడుగుకు తగిలేలా అదిమి కొరికినవాడిదే గెలుపు, ముక్కులోకి నీళ్లు పోయేదీ వాడికే. ఒకే తొట్టిలో అందరి నోళ్లూ పడటం ఇష్టం లేనివాళ్లు యాపిల్‌ను దారంతో దూలానికి కట్టి, చేతులు వెనక్కి పెట్టుకుని కొరకమంటారు. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, ఐర్లండ్‌లో పాత ఆటే. పార్టీ పెట్టుకునేవాళ్లకు నా ఓటు దీనికే.

## టర్నిప్ నుంచి గుమ్మడికాయకు

లోపల దీపం పెట్టిన ముఖం ముందు గుమ్మడికాయ కాదు, టర్నిప్. ముల్లంగికి చుట్టమైన గట్టి దుంప అది. తొలిచి, పళ్లు చెక్కి, లోపల కొవ్వొత్తి ముక్క పెడితే నిజంగానే జడుసుకునేలా ఉండేది. డొనెగల్ కౌంటీకి చెందిన అలాంటి దీపం నమూనా ఒకటి మేయో కౌంటీలోని ఐర్లండ్ జాతీయ మ్యూజియం శాఖలో ఉంది. ఎండిన పుర్రెలా ఉండే దాన్ని చూశాక గుమ్మడికాయ ముఖాలు నవ్వు తెప్పిస్తాయి. సైతానును మోసం చేసి, స్వర్గానికీ నరకానికీ కాకుండా పోయి, నిప్పుకణిక పెట్టిన టర్నిప్‌తో తిరిగే పిసినారి జాక్ కథ దీనికి అతికించి చెబుతారు.

గుమ్మడి జాతి పుట్టిల్లు అమెరికా ఖండాలు. 1840ల కరువు తర్వాత లక్షల మంది ఐరిష్‌వాళ్లు అమెరికా చేరారు. అక్కడ గుమ్మడి పెద్దది, మెత్తనిది, తొలవడం తేలిక. ఇక టర్నిప్ ఎవరికి కావాలి?

మన మార్కెట్లో ఉన్నవి రెండు. గుమ్మం ముందు దిష్టికి కట్టేది, దసరాకు పగలగొట్టేది బూడిద గుమ్మడి. అది ఆసియాది, వేరే మొక్క. కూరకు, దప్పళానికి వాడే తియ్య గుమ్మడి హాలోవీన్ గుమ్మడికి దగ్గరి చుట్టమే గానీ చెక్కడానికి మొండిది. అమెరికాలో చెక్కడానికి పెంచే రకాల్లో కండ పలచన, లోపలంతా డొల్ల, తొక్క మెత్తన. మన తియ్య గుమ్మడిలో కండ మందం, పైన గాడులు లోతు, ఆకారం చదును. దానికి కళ్లు, నోరు లోపలిదాకా కోయబోతే కత్తి ఇరుక్కుంటుంది. పైతొక్కను మాత్రం గీకి లోపలి పసుపు కనిపించేలా ముఖం గీసుకుంటే చాలు. బాగా వస్తుంది, ఎక్కువ రోజులూ ఉంటుంది.

అమెరికా గుమ్మడిని చెక్కేవాళ్లు సాధారణంగా చేసే తప్పులు, వాటి కారణాలు ఇవి. నాలుగైదు కిలోలది, అడుగు చదునుగా కూర్చునేది, తొడిమ గట్టిగా ఉన్నది ఎంచుకోవాలి. గోరు నొక్కితే దిగబడే చోటు ఉంటే కుళ్లు అక్కడ మొదలైనట్టే. మూత కోసేటప్పుడు కత్తి నిటారుగా పెడితే మూత లోపలికి జారిపడుతుంది. కత్తిని దాదాపు 45 డిగ్రీలు లోపలికి వాలుగా పట్టుకుని చుట్టూ కోయాలి, ఒకచోట చిన్న గాటు పెడితే మూత ఎటు కూర్చోవాలో గుర్తు. తొడిమ ఉన్న పైభాగాన్ని ముట్టకుండా వెనకవైపు రంధ్రం కోసేవాళ్లూ ఉన్నారు. కాయ అంత తొందరగా కుంగదు.

లోపలి పీచు, గింజలు తీసేశాక ముఖం వచ్చేవైపు గోడను గరిటెతో గీకి రెండున్నర సెంటీమీటర్ల మందానికి తేవాలి. మందంగా ఉంటే వెలుగు బయటికి రాదు, మరీ పలచనైతే రెండో రోజుకే నోరు లోపలికి ముడుచుకుంటుంది. వదిలేసిన పీచుకే ముందు బూజు పడుతుంది. బొమ్మ గీసిన కాగితాన్ని అంటించి, గీత వెంబడి మేకుతో దగ్గరదగ్గరగా చుక్కలు పొడిచి, కాగితం తీసేయాలి. చిన్న రంపపు బ్లేడుతో పైకీ కిందికీ కోయాలి. వంటింటి కత్తి నేరుగా పొడిస్తే ఇరుక్కుంటుంది, బలంగా లాగితే జారి రెండో చేతిలో దిగుతుంది. ముందు కళ్లు, తర్వాత ముక్కు, ఆఖరున నోరు. పెద్ద రంధ్రం ముందే కోస్తే గోడ బలహీనపడి కళ్ల దగ్గర చీలుతుంది. పిల్లలకు గీసే పని, గింజలు తీసే పని ఇవ్వొచ్చు.

చెక్కిన కాయ చల్లటి ఊళ్లో వారం నిలవొచ్చు. టెక్సాస్, ఫ్లోరిడా వేడిలో రెండు మూడు రోజులే. అందుకని అక్కడివాళ్లు 30వ తేదీ సాయంత్రం చెక్కుతారు. నాలుగు లీటర్ల నీళ్లకు ఒక టేబుల్ స్పూను బ్లీచ్ కలిపి లోపలా బయటా చల్లి, బోర్లించి ఆరబెడితే బూజు ఆలస్యమవుతుంది. ఆ పని పెద్దవాళ్లే చేతితొడుగులు వేసుకుని చేయాలి, బ్లీచ్‌లో వెనిగర్ కలపకూడదు. కోసిన అంచులకు వ్యాజిలీన్ రాస్తే తేమ పోదు, కానీ లోపల నిజం కొవ్వొత్తి పెట్టేటట్టయితే రాయొద్దు, అది అంటుకుంటుంది. బ్యాటరీ దీపమే మేలు. బ్లీచ్ చల్లిన కాయను, రాత్రంతా బయట ఉన్న కాయను వండుకోకూడదు. గింజల్ని మాత్రం చెక్కే రోజే, బ్లీచ్ ముట్టకముందే తీసి కడిగి, ఉప్పు పట్టించి వేయించుకోవచ్చు.

## పెడతావా, అల్లరి చేయమంటావా

ఇంటింటికీ తిరగడానికి పాత మూలాలున్నాయి. ఇంగ్లండ్‌లో పేదలు, పిల్లలు ఆత్మల రోజుకు ఇళ్లకు వెళ్లి, ఆ ఇంటి మృతుల కోసం ప్రార్థిస్తామని చిన్న రొట్టెలు అడిగేవారు. స్కాట్లండ్‌లో వేషాలేసుకుని వెళ్లి పాటో పద్యమో వినిపించి పండ్లు, కాయలు, డబ్బులు పుచ్చుకునేవారు. అడుక్కోవడంలా కాకుండా, ఏదో ఒకటి ప్రదర్శించి తీసుకోవడం అందులో మర్యాద. ఇది మనకు బాగా తెలిసిన పద్ధతే. దసరాకు అయ్యవారి వెంట పిల్లలు వెదురు విల్లంబులు, గిలకలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పద్యాలు పాడటం, అయ్యవారికి దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లాలు ఇవ్వడం కోస్తా జిల్లాల పెద్దవాళ్లకు గుర్తే. ఒకదాన్నుంచి ఒకటి పుట్టలేదు. పంట చేతికొచ్చే కాలంలో పిల్లలు గుమ్మం ముందుకొస్తే ఇవ్వడం చాలాచోట్ల ఎవరికివారే కనిపెట్టుకున్న ఆచారం.

అమెరికాలో మాత్రం 20వ శతాబ్దం మొదట్లో ఈ రాత్రి కుర్రాళ్ల ఆగడాలకు పెట్టింది పేరు. గేట్లు పీకి చెట్లెక్కించేవారు, కిటికీలు పగలగొట్టేవారు. మిన్నెసోటాలోని అనోకా పట్టణం 1920లో ఊరేగింపు పెట్టి కుర్రాళ్లను అటు తిప్పింది. పిల్లలు గుమ్మం ముందు నిలబడి ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అనడం, అంటే పెడతావా లేక అల్లరి చేయమంటావా అనడం, కెనడాలోని ఆల్బర్టాలో బ్లాకీ అనే ఊరి నుంచి వచ్చిన 1927 నాటి పత్రిక వార్తలో కనిపిస్తుంది. 1930ల్లో అమెరికాలో పాకింది. 1942 నుంచి 1947 వరకు యుద్ధకాలపు చక్కెర రేషన్‌తో ఆగి, ఆ తర్వాత కొత్త కాలనీలతో పాటు విస్తరించింది. అంటే ఇప్పుడు ప్రపంచమంతా చూసే హాలోవీన్ దాదాపు పూర్తిగా 1947 తర్వాతిది. వ్యాపారమన్న మాటకు ఇక్కడ బలం వస్తుంది: అమెరికా రిటైల్ సమాఖ్య అంచనా ప్రకారం 2023లో ఆ దేశంలో హాలోవీన్ ఖర్చు 1,220 కోట్ల డాలర్లు.

కొత్తగా వెళ్లిన మనవాళ్లకు తికమక పెట్టేవి రాయని నియమాలు. గుమ్మం లైటు వెలుగుతుంటే రావచ్చని, ఆర్పితే రావద్దని అర్థం. చిన్నపిల్లలు చీకటిపడకముందే వస్తారు, పెద్దపిల్లలు తర్వాత, ఎనిమిదిన్నరకు అంతా సద్దుమణుగుతుంది. ఎంత కొనాలో ఇలా లెక్కేయొచ్చు: పక్కింటివాళ్లను అడిగితే నిరుడు 70 మంది వచ్చారన్నారనుకోండి. తలా రెండు చొప్పున 140 కావాలి. చిన్న సైజు చాక్లెట్ ఒక్కోటి 15 గ్రాములనుకుంటే రెండు కిలోల పైచిలుకు. 150 ముక్కల సంచి ఒకటి చాలు. తీసుకోమని గిన్నె బయటపెట్టి లోపలికెళ్తే మొదటి గుంపే ఊడ్చేస్తుంది.

శాకాహారులు చూడాల్సింది జెలటిన్. గమ్మీలు, మార్ష్‌మాలోలు, క్యాండీ కార్న్ వంటివాటిలో పశువుల ఎముకల నుంచి, తోలు నుంచి తీసిన జెలటిన్ సాధారణం. గుమ్మం ముందు నీలి-ఆకుపచ్చ రంగు గుమ్మడికాయ కనిపిస్తే, ఎలర్జీ ఉన్న పిల్లల కోసం ఆ ఇంట్లో బొమ్మలో స్టిక్కర్లో కూడా ఉన్నాయని అర్థం. 2014 నుంచి అమెరికా అంతటా ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇది. 2024లో లాగా దీపావళి కూడా అక్టోబరు 31నే పడితే మెట్ల మీద ప్రమిదలు పెట్టకండి. పొడుగు గౌన్లు, మాంత్రికుల అంగీలు వేసుకున్న పిల్లలు చీకట్లో ఆ మెట్లే ఎక్కుతారు. పిల్లల నడుం ఎత్తుకు పైన, గోడవారన పెట్టుకోవచ్చు.

## విషం చాక్లెట్ల భయం, కార్ల ప్రమాదం

చాక్లెట్లలో ఎవరో విషమో సూదులో పెట్టి ఇస్తారన్న భయం అమెరికాలో యాభై ఏళ్లుగా ఉంది. డెలావేర్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన వార్తల్ని వెతికి చూశాడు. ఒక అపరిచితుడు దారినపోయే పిల్లలకు అలా విషమిచ్చి చంపిన సంఘటన ఒక్కటీ ఆయనకు దొరకలేదు. సూదుల వార్తలు ఉన్నాయి; చాలావరకు పిల్లలో ఇంట్లోవాళ్లో చేసిన ఆకతాయి పనులని తేలింది. నిజంగా జరిగిన చావుల్లో అందరికీ తెలిసింది 1974లో టెక్సాస్‌ది. జీవిత బీమా డబ్బు కోసం కన్నతండ్రే ఎనిమిదేళ్ల కొడుకుకు సయనైడ్ కలిపిన మిఠాయి పెట్టాడు. పుకారును అడ్డం పెట్టుకుంటే నేరం అపరిచితుడి మీదికి పోతుందనుకున్నాడు. 1984లో అతనికి మరణశిక్ష అమలైంది. మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు గుర్తున్నవాళ్లకు పుకారు ఎంత వేగంగా పాకుతుందో వేరే చెప్పక్కర్లేదు.

బెస్ట్ మాటను అందరూ ఒప్పుకోరు. ఇంతవరకు జరగలేదంటే ఇకముందు జరగదని కాదు, తెరిచి ఉన్నవి పారేస్తే నష్టమేముందని పోలీసులు, తల్లిదండ్రులు అంటారు. అందులోనూ న్యాయముంది, పొట్లం చిరిగినవి పక్కన పెట్టడానికి రెండు నిమిషాలు పట్టదు. ఇబ్బందల్లా ఆ రెండు నిమిషాల శ్రద్ధ రోడ్డు మీద లేకపోవడం. అమెరికాలో 1975 నుంచి 2016 వరకు 42 ఏళ్ల ప్రమాదాల్ని పరిశీలించిన ఒక వైద్య పత్రిక అధ్యయనంలో, వారం ముందు, వారం తర్వాత సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాలు 43 శాతం ఎక్కువని తేలింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకైతే ముప్పు దాదాపు పదింతలు. ఆరు గంటల ప్రాంతం మరీ ప్రమాదకరం.

నల్లవేషం, కళ్లు సగం మూసే ముసుగు, నేలమీద ఈడ్చుకుపోయే అంగీ, ఆగి ఉన్న కార్ల మధ్య నుంచి రోడ్డు దాటడం: ఈ నాలుగూ కలిసినచోట ప్రమాదం జరుగుతుంది. వీపు మీద, సంచి మీద మెరిసే టేపు అంటించడం, ముసుగు బదులు రంగు పూయడం, అంచు చీలమండల పైకి కుట్టడం, రోడ్డుకు ఒకవైపు ఇళ్లన్నీ అయ్యాకే రెండోవైపు వెళ్లడం, వీటికి పెద్ద ఖర్చేం లేదు. రంగును ముందురోజు మోచేతి మడతలో కొంచెం పూసి చూడాలి. పిల్లి కళ్లలా కనిపించే రంగు కాంటాక్ట్ లెన్సులు పార్టీ దుకాణంలో దొరికాయని కొనొద్దు. అమెరికాలో చూపు కోసం కాకపోయినా లెన్సుకు డాక్టరు చీటీ ఉండాల్సిందే. కొలత సరిపోని లెన్సు కంటి ముందుండే పారదర్శక పొరను గీరి పుండు చేస్తుంది.

## నల్లపిల్లి, మంత్రగత్తె

ఈ రెండూ హాలోవీన్‌లో పుట్టినవి కావు; యూరప్‌లో మంత్రగత్తెల వేట కాలపు బొమ్మలు తర్వాత శుభాకాంక్షల కార్డుల ద్వారా ఇందులోకి చేరాయి. నల్లపిల్లి ఎదురొస్తే అమెరికాలో అపశకునం, బ్రిటన్‌లో చాలాచోట్ల అదృష్టం. మసాచుసెట్స్‌లోని సేలంకు అక్టోబరులో జనం పోటెత్తుతారు. 1692లో అక్కడ మంత్రగత్తెలని కాల్చేశారని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. నిజానికి 19 మందిని ఉరితీశారు, ఒక ముసలాయనను బండరాళ్లు మీద పేర్చి చంపారు. ఎవరినీ కాల్చలేదు.

## ఎవరి అభ్యంతరం దేనికి

అభ్యంతరాలన్నీ ఒకటి కావు. కొన్ని క్రైస్తవ సంఘాలు దెయ్యాలతో ఆట తగదని పూర్తిగా దూరముంటాయి. కొన్ని అదే సాయంత్రం చర్చి పార్కింగ్‌లో కార్ల డిక్కీలు తెరిచి పిల్లలకు మిఠాయిలు పంచుతాయి, భయపెట్టే వేషాలు మాత్రం వద్దంటాయి. కొందరు క్యాథలిక్ తల్లిదండ్రులు పిల్లలకు పునీతుల వేషాలు వేస్తారు. తేదీ అసలు అర్థానికి అదే దగ్గర. పెద్దల పేరిట దీపం పెట్టే కాలంలో శవాల బొమ్మలు వేలాడదీయడం ఏమిటని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. వాళ్లకు నచ్చనిది సావిన్ కాదు, 1980ల నుంచి పెరిగిన రక్తపు మరకల అలంకరణ. అది వదిలేసి మూడు గిన్నెలు, వేలాడే యాపిల్, గుమ్మడి దీపం మాత్రం పెట్టుకున్న ఇంట్లో అభ్యంతరానికి మిగిలేది తక్కువ. హైదరాబాద్ స్కూలులో పార్టీ పెడితే ప్రశ్న మళ్లీ వేరు: అక్కడ ఇరుగుపొరుగు తలుపులు లేవు, కొన్న వేషం మాత్రమే ఉంది. దాని ఖర్చు ఎవరు భరించాలన్నది తల్లిదండ్రులు టీచర్లను అడగాల్సిన మాట. ఇంట్లో ఉన్న పాత దుప్పటికి రెండు రంధ్రాలు పెడితే దెయ్యం తయారు, కాకపోతే ఆ రంధ్రాలు కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉండేలా దుప్పటిని తలకు పిన్నుతో నిలపాలి. లేదంటే రెండడుగులేసేసరికి దుప్పటి పక్కకు తిరిగి దెయ్యం గోడకు కొట్టుకుంటుంది.